ఉచితంగా దొరికే దేవుని క్షమాపణకు విలువ ఎక్కడిది?

చెన్నైలోని మా తెలుగు సంఘంలో ఆదివార ఆరాధన ముగిశాక ఒక యువకుడు ఈ ప్రశ్న అడిగాడు: దేవుడు ఉచితంగా క్షమిస్తే, ఆ క్షమాపణకు విలువ ఎలా వస్తుంది?

అది పొందేవారికి మాత్రమే ఉచితం. క్షమించేవాడు ఆ నష్టాన్ని తానే భరిస్తాడు. మత్తయి సువార్త 18వ అధ్యాయంలోని ఉపమానంలో ఒక దాసుడు రాజుకు 10,000 తలాంతులు బాకీ పడతాడు. తలాంతు సుమారు 6,000 దేనారాలు, దేనారం ఒక దినకూలి కనుక, ఆ అప్పు దాదాపు 6 కోట్ల రోజుల కష్టానికి సమానం. రాజు అతని యోగ్యతను చూడకుండా, కేవలం కనికరపడి దానినంతటినీ విడిచిపెడతాడు. అదే దాసుడు 100 దేనారాల కోసం తోటివాని గొంతు పట్టుకున్న చోటికి వచ్చేసరికి, ఎన్నిసార్లు చదివినా నా మనసు బరువెక్కుతుంది.

క్షమాపణకు మూలం దేవుని కృపే. పశ్చాత్తాపం దానిని అందుకునే చేయి వంటిది. ఎఫెసీయులకు రాసిన పత్రిక 1:7 ఈ క్షమాపణను క్రీస్తు రక్తంతోనూ, దేవుని కృపా సమృద్ధితోనూ ముడిపెడుతుంది. ప్రభు రాత్రి భోజనంలో గిన్నె అందుకునేటప్పుడు, పాపక్షమాపణ కోసం చిందిన రక్తమని మత్తయి 26:28లో యేసు చెప్పిన మాటను మనం జ్ఞాపకం చేసుకునేది అందుకే.