ఏఐకి గోంగూర ఎలా చూపించాలి?

మీరడిగింది ఇదీ: అమ్మగారి పచ్చళ్ళ వ్యాపారానికి లేబుల్ కావాలి, ఏఐ యాప్‌లో "అద్భుతమైన, నోరూరించే గుంటూరు గోంగూర పచ్చడి" అని పేరాలకు పేరాలు రాస్తున్నారు, వచ్చేదేమో పాలకూర పేస్టులా ఉంటోంది, ప్రాంప్ట్, అంటే ఏఐకి రాసిచ్చే వర్ణన, ఎలా రాయాలి అని.

గుంటూరు అరండల్‌పేటలో మాది చిన్న డిజైనింగ్ షాపు. ఫ్లెక్సులు, శుభలేఖలు, క్యాలెండర్లు చేస్తాం. రెండేళ్ళుగా ఏఐ బొమ్మలు వాడుతున్నాను, చాలాసార్లు చేతులు కాల్చుకున్నాను కూడా.

మీ ప్రాంప్ట్‌లో "అద్భుతమైన", "నోరూరించే" అనే మాటలకు రూపం లేదు. వాటిని ఎవరూ గీయలేరు. గోంగూరకు రూపం ఉంది గానీ, ఆ పేరు ఏఐకి సరిగా తెలియదు. ఈ మోడళ్ళు నేర్చుకున్నది ఇంటర్నెట్‌లో ఫొటోల పక్కన ఉండే రాతల నుంచి. పాలకూర ఫొటోలు అక్కడ కొల్లలు, గోంగూరవి ఏవో కొన్ని. తెలియనప్పుడు అది తెలియదని చెప్పదు. ఆవు వ్యాసం ఒక్కటే బట్టీపట్టిన పిల్లాడిలా, ఏది అడిగినా తనకొచ్చిన దాంట్లోకే లాక్కుపోతుంది.

నాకిది బోధపడింది ఒక మిర్చి కమీషన్ వ్యాపారికి క్యాలెండర్ చేసేటప్పుడు. కల్లంలో మిర్చి ఆరబోసిన బొమ్మ కావాలన్నారాయన. నేను "గుంటూరు మిర్చి కల్లం, భారతీయ రైతు, అందమైన దృశ్యం" అని ఇంగ్లీషులో కొట్టి, వచ్చినదాన్ని ఫోన్‌లో చూపించాను. రైతుకేమో రంగురంగుల పెద్ద తలపాగా, మెలితిప్పిన మీసం. "ఈయన్ని ఏ రాష్ట్రం నుంచి పట్టుకొచ్చావయ్యా?" అన్నారు. అది నవ్వులాటే. అసలు దెబ్బ మిర్చి దగ్గర పడింది. కాయలు నిగనిగలాడుతున్నాయి, తొడిమలు పచ్చగా ఉన్నాయి. ఆయన బొమ్మని వేళ్ళతో పెద్దది చేసి చూసి, "ఇది పండు మిర్చి, ఆరలేదు. ఈ సరుకు యార్డుకు తెస్తే రేటు వేసేవాడు ఉండడు. నా పేరుతో ఈ క్యాలెండర్ గోడకెక్కితే నా పరువేం కావాలి?" అన్నారు. నా కంటికి అది అందమైన బొమ్మే. ఆయన కంటికి తేమ కనపడింది.

ఆ పూట ఆయన్నే కూర్చోబెట్టి, కల్లంలో ఏమేం కనపడతాయో చెప్పించుకుని రాసుకున్నాను. రెండో ప్రాంప్ట్ తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది: "నేల మీద పరిచిన పట్టా, దాని మీద బెత్తెడు మందాన ఎండు మిరపకాయలు. కాయలు పొడవుగా, సన్నగా, తోలు ముడతలు పడి, ముదురు ఎరుపులో ఉన్నాయి. తొడిమలు ఎండుగడ్డి రంగు. ఇద్దరు ఆడవాళ్ళు గొంతుక్కూర్చుని, రంగు పోయి తెల్లబారిన కాయల్ని ఏరి బుట్టలో వేస్తున్నారు. కాటన్ చీరల మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కాలు, తలకు తువ్వాళ్ళు. పొద్దుటి ఎండ ఎడమ పక్క నుంచి పడుతోంది, నీడలు పొడుగ్గా ఉన్నాయి. కెమెరా నేలకు దగ్గరగా ఉంది."

ఇందులో గుంటూరు అన్న మాట లేదు, భారతీయ అన్న మాటా లేదు. కానీ బొమ్మ చూసిన వాళ్ళెవరైనా ఇది మన వైపుదే అంటారు. చీర మీద చొక్కా ఒక్కటి చాలు. తాలు కాయలు ఏరడం కూడా అంతే. "తాలు" అని రాస్తే దానికి అర్థం కాదు, "తెల్లబారిన కాయలు" అంటే గీస్తుంది. టిక్కీల దగ్గరా, అంటే మిర్చి బస్తాల దగ్గరా, ఇదే గొడవ జరిగింది. "మసాలా బజారు, గోతాలు" అంటే మూతులు తెరిచి వరసగా నిలబెట్టిన సంచులు ఇచ్చింది. అది టూరిస్టులు ఫొటోలు తీసుకునే బజారు. "మూతి కుట్టేసిన గోనె సంచులు, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, మనిషి ఎత్తుకు మించిన నెట్టు" అన్నాక దారికొచ్చింది.

ఇప్పుడు మీ గోంగూర. ఇంగ్లీషు పేరు పెడితే సరిపోతుంది కదా అనుకుంటారు, నేనూ అనుకున్నాను. సారెల్ అంటే చుక్కకూర జాతి ఆకు వస్తుంది. రోసెల్ అంటే టీ కాచుకునే ఎర్ర కాయలు వస్తాయి. సరే, రూపమే చెబుదామని "వేళ్ళలా చీలిన సన్నని ఆకులు, రంపపు అంచులు" అని రాశాను. నిక్షేపంగా గంజాయి ఆకు గీసి ఇచ్చింది! పచ్చడి సీసా మీద అది వేస్తే ఇంకేమైనా ఉందా? పాపం దాని తప్పూ లేదు. గోంగూరగా వాడే రెండు జాతుల్లో ఒకదాని శాస్త్రీయ నామంలోనే కన్నాబినస్ అని ఉంది, గంజాయి ఆకును పోలి ఉంటుందనే. చివరికి పనిచేసింది ఇది: "మూడు పాయలుగా చీలిన వెడల్పాటి ఆకులు, అంచుకు సన్నని పళ్ళు, ఎర్రటి కాడలు, కాడలతో సహా అరటినారతో కట్టిన కట్ట." పచ్చడికైతే "ముదురు ఆకుపచ్చ, దాదాపు నలుపు, ముద్దగా, పైన నూనె తేలుతూ, మధ్యలో వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండు మిరపకాయలు" అనండి. జాడీ కావాలంటే పింగాణీ జాడీ అని వదిలేయకండి, పూలకుండీ వస్తుంది. పైభాగం గోధుమ రంగు, కిందిభాగం మీగడ రంగు, మెడ చుట్టూ గుడ్డ వాసెన కట్టి ఉంది అని చెప్పండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

తెలుగులో రాయొచ్చా అంటే, చాట్‌జీపీటీ, జెమినీ లాంటి వాటిల్లో హాయిగా రాయొచ్చు, అవి అర్థం చేసుకుంటాయి. సొంత కంప్యూటర్‌లో నడిపే పాత స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మల ప్రోగ్రాం అయితే మాత్రం ఇంగ్లీషే గతి. అది ఒక్క దఫాలో చదివేది 77 టోకెన్లు, అంటే మాటల ముక్కలు. తెలుగులో ఒక్క అక్షరమే ముక్కలు ముక్కలై ఆ కోటా తినేస్తుంది. అందుకే ముఖ్యమైన వస్తువు ముందు రాయాలి, వెలుతురు, కెమెరా తరవాత.

"లేకుండా" అన్న మాటతో జాగ్రత్త. తలపాగా లేకుండా అని రాస్తే చాలాసార్లు రైతు తలపాగాతోనే వచ్చాడు, ఆ పేరు తలుచుకోవడమే తప్పన్నట్టు. "నెరిసిన పొట్టి జుట్టు" అని ఉన్నదాన్ని రాయండి. స్టేబుల్ డిఫ్యూజన్‌లో వద్దనుకున్నవి రాయడానికి నెగెటివ్ ప్రాంప్ట్ అని వేరే గడి ఉంటుంది, మిడ్‌జర్నీ అనే బొమ్మల యాప్‌లో అదే పనికి ప్రాంప్ట్ చివర పెట్టే నో (--no) అనే గుర్తు ఉంది. ఉన్నప్పుడు అవి వాడుకోండి.

బొమ్మలోనే "అమ్మ చేతి పచ్చళ్ళు" అని రాయించాలని చూడకండి. వత్తులు ఒకచోట, గుణింతాలు ఇంకొకచోట పడతాయి, దూరం నుంచి తెలుగులా ఉంటుంది, దగ్గరికెళ్తే ఏ భాషో తెలియదు. ఈ మధ్య కొంత మెరుగైంది గానీ ప్రింటుకు నమ్మలేను. "పై మూడో వంతు ఖాళీ, లేత రంగు గోడ" అని చోటు వదిలించుకుని, అక్షరాలు మనమే వేసుకోవడం మేలు. మా షాపులో ఇప్పటికీ అను అనే తెలుగు ఫాంట్లే.

ఒకేసారి నాలుగు మార్చకండి. వెలుతురు మారిస్తే వెలుతురే మార్చండి. సీడ్ నంబరు (బొమ్మ ఏ మొదలు నుంచి గీయాలో చెప్పే అంకె) పెట్టుకునే వీలుంటే అదే నంబరు ఉంచి ఒక్క మాట మార్చండి, ఏ మాట ఏం చేసిందో తెలుస్తుంది. బొమ్మంతా బాగుండి చెయ్యి ఒక్కటే వంకరగా వస్తే మొత్తం మళ్ళీ చేయించొద్దు, ఆ భాగం మాత్రమే సెలెక్ట్ చేసి దిద్దించండి. నేను ఇది తెలియక మంచి బొమ్మలు ఎన్ని పోగొట్టుకున్నానో!

సైజు సంగతి ప్రింటింగ్ వాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తుండదు. చాలా యాప్‌లు ఇచ్చేది 1024 పిక్సెళ్ళ చదరపు బొమ్మ. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, అచ్చు వేస్తే మూడున్నర అంగుళాలు కూడా రాదు. సీసా లేబుల్‌కైతే సర్దుకోవచ్చు. అట్టపెట్టె మీద పెద్దగా వేయాలంటే అప్‌స్కేల్ చేసుకోవాలి, అంటే పిక్సెళ్ళు పెంచుకోవాలి. కొలత ముందే అనుకుని అడ్డమా, నిలువా అన్నది మొదటి ప్రాంప్ట్‌లోనే చెప్పండి.

ఇన్ని చెప్పాక, మీ లేబుల్ మట్టుకు నేనైతే పచ్చడిని ఏఐతో గీయించను. అమ్మగారు కలిపిన పచ్చడినే జాడీలో పెట్టి, కిటికీ దగ్గర ఫోన్‌తో ఫొటో తీసి, దాన్ని యాప్‌కిచ్చి "జాడీని, పచ్చడిని ముట్టుకోకుండా వెనక మట్టిగోడ, పక్కన గోంగూర కట్ట పెట్టు" అంటాను. కొన్నవాడు మూత తీసి చూసేది ఆ పచ్చడినే కదా. ఆ ఫొటో ఇక్కడ పెట్టండి, అమ్మగారు వాడేది ఎర్ర గోంగూరో తెల్ల గోంగూరో కూడా రాయండి. తెల్లదైతే పైన రాసిన ఎర్రటి కాడలు తీసేయాలి.