వార్డు మీటింగ్‌లో ఏమడగాలి? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి నీళ్లు, కాలువలు, కార్పొరేటర్ల మీదే ఎక్కువ ప్రశ్నలొచ్చాయి. అందుకే మిగతావి పక్కన పెట్టి జాగా అంతా వీటికే ఇస్తున్నాం.

ప్ర: మా వార్డులో మీటింగ్ పెట్టినారు. కార్పొరేటర్ వచ్చి రోడ్డుకి ప్రతిపాదన పంపినాం, కాలువకి ప్రతిపాదన పంపినాం అని చెప్పినాడు, అందరం విని ఇంటికొచ్చేసినాం. మళ్లీ మీటింగ్‌లో కూడా ఇదే మాట చెప్తే ఏమనాలి? – కొర్లగుంట, తిరుపతి

జ: అక్కా, ప్రతిపాదన పంపినాం అన్నది నిజమే అయ్యుండొచ్చు, కానీ పని అక్కడితో అయిపోలేదు, అసలు అక్కడే మొదలు. ఒక వీధిలో సిమెంట్ రోడ్డు పడాలంటే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) వచ్చి కొలిచి ఎస్టిమేట్ వేయాల, దానికి పరిపాలనా ఆమోదం రావాల, టెక్నికల్ శాంక్షన్ రావాల, టెండర్ పిలవాల, కాంట్రాక్టర్‌తో అగ్రిమెంట్ కావాల, పని జరిగినాక కొలతలన్నీ ఎం-బుక్‌లో, అంటే మెజర్‌మెంట్ బుక్‌లో ఎక్కించాల, అప్పుడు గానీ బిల్లు కాదు. కాబట్టి "ఎప్పుడేస్తారు?" అని అడిగితే "తొందర్లోనే" అనే జవాబే వస్తుంది. "ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుంది, ఎస్టిమేట్ ఎంత, టెండర్ పిలిచినారా?" అని అడగండి. టెండర్ పిలిచినా పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టర్లు ముందుకు రాకపోవడం చాలా ఊళ్లలో జరిగేదే, అదే కారణమైతే అదైనా ఆయన నోటితో చెప్పనీండి, మీకూ విషయం తెలుస్తుంది.

రోడ్డు పడిపోయినాక కూడా మీ పని అయిపోలేదు. సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 2(జె) అని ఉంది, చాలామందికి తెలీదు. దాని ప్రకారం కాగితాల నకళ్లు తీసుకోవడమే కాదు, జరిగిన పనిని చూడొచ్చు, రికార్డులు చూసి రాసుకోవచ్చు, వాడిన సామగ్రి శాంపిల్ కూడా అడగొచ్చు. మీ వీధి ఎం-బుక్ పేజీ నకలు తీసుకుని, అందులో రాసిన పొడవు వెడల్పులు పట్టుకుని, ఇంట్లో ఉండే టేపుతోనే వీధిలో నలుగురూ కలిసి కొలవండి. పేజీలో రాసింది, నేల మీద ఉండేది ఒకటేనా అన్నది అక్కడే తేలిపోతుంది. నాకైతే వార్డులో జరిగే అన్ని మీటింగుల కంటే ఈ ఒక్క పని ఎక్కువ మేలు చేస్తుందనిపిస్తుంది.

ప్ర: కొండకింద ఉన్నాం మేము, దినం మార్చి దినం నీళ్లు వస్తాయి. వీధి మొదట్లో వాళ్లకి బాగా వస్తాయి, చివరి ఇళ్లకి సన్నగా వస్తాయి. అడిగితే "డ్యామ్‌లో నీళ్లు లేవు" అంటారు. – జీవకోన, తిరుపతి

జ: తిరుపతికి ముఖ్యంగా రెండు దారుల్లో నీళ్లొస్తాయి, ఒకటి కళ్యాణి డ్యామ్, ఇంకోటి కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగ నీళ్లు. డ్యామ్ ఎండితే కష్టం ఊరందరికీ ఉండాల. ఒకే వీధిలో ముందిళ్లకి వచ్చి వెనకిళ్లకి రాలేదంటే అది డ్యామ్ సంగతి కాదు, ప్రెషర్ సంగతి. ట్యాంకు ఎత్తు చాలకపోవడమో, పైపు పాతదై సన్నబడటమో, లేకుంటే కొళాయికే నేరుగా మోటార్ బిగించి లాగేసేవాళ్లు ఉండటమో, ఈ మూడింట్లో ఏదో ఒకటి ఉంటుంది, మోటార్ల సంగతి కార్పొరేటర్ కంటే ముందు మీ వీధివాళ్లే మాట్లాడుకోవాల.

మీటింగ్‌కి పోయేముందు ఒక పని చేయండి. 200 లీటర్ల డ్రమ్ము కొళాయి కింద పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండుతుందో మొదటి ఇంట్లో చూడండి, చివరి ఇంట్లోనూ చూడండి, తేదీ టైమ్ వేసి కాగితం మీద రాయండి. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు అందాలని కేంద్రం మార్గదర్శకాల్లో ఉంది. నలుగురుండే ఇంటికి లెక్కేస్తే రోజుకి 540, దినం మార్చి దినం వదిలితే వచ్చిన రోజు 1,080 లీటర్లు రావాల. మీ చివరింటికి ఎన్ని వస్తా ఉండాయో ఆ కాగితమే చెప్తుంది. "నీళ్లు సరిగ్గా రావట్లేదు" అంటే చూస్తామంటారు, ఈ లెక్క ముందు పెడితే ఏఈ లేచి జవాబు చెప్పాల్సిందే. అట్లే క్లోరిన్ కూడా అడగండి, కొళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలుండాల, ఆ పరీక్ష మీ ఇంటి ముందే చేసి చూపించమనొచ్చు.

ప్ర: వీధిలైట్ వెలగకపోతే కూడా కార్పొరేటర్ ఇంటికే పోవాలా?

జ: అక్కర్లేదు. వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి చెప్పండి, చెత్త, కాలువ అయితే శానిటేషన్ సెక్రటరీకి. ఫిర్యాదు నంబర్ తీసుకోకుండా మాత్రం రావద్దు. అక్కడ కాకపోతే సోమవారం జనం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఆ నంబర్ వేసి అర్జీ ఇవ్వండి.

ప్ర: ఎన్నికలు లేని కాలంలో కూడా ఊరు బాగానే నడిచింది కదా. ఆఫీసర్లుంటే చాలు, ఈ కార్పొరేటర్లు ఎందుకు సార్? – బాలాజీ కాలనీ, తిరుపతి

జ: మీ విసుగు అర్థమవుతుంది సార్, కానీ ఈ మాట నేను ఒప్పుకోను. తిరుపతి 1886లోనే మున్సిపాలిటీ అయింది, 2007లో కార్పొరేషన్ అయింది. కార్పొరేషన్‌గా మొదటి ఎన్నిక జరిగింది మాత్రం 2021 మార్చిలో! మధ్యలో ఏళ్లకేళ్లు స్పెషల్ ఆఫీసర్ల పాలనే. 2016లో స్మార్ట్ సిటీగా ఎంపికైనప్పుడు కూడా ఊళ్లో ఎన్నికైన కౌన్సిల్ లేదు, అంటే ఏ రోడ్డు తవ్వాల, ఏ కాలువ ముందు కట్టాల అని అంత పెద్ద ప్లాన్ వేసేటప్పుడు మన వార్డు తరఫున లేచి ఇది కాదు అనే మనిషే లేడు. ఐదేళ్ల గడువు అయిపోయేలోపే కొత్త ఎన్నిక జరగాలని రాజ్యాంగం 243యు అధికరణంలో స్పష్టంగా రాసుంది. ఆఫీసర్ మంచివాడైతే పనులవుతాయి, నిజమే, ట్రాన్స్‌ఫర్ అయితే మళ్లీ మొదటికి. కార్పొరేటర్ సంతకం పెట్టి పని చేయించలేడు, ఆ అధికారం కమిషనర్‌ది, కానీ కౌన్సిల్‌లో లేచి అడిగే హక్కు, బడ్జెట్ మీద ఓటేసే హక్కు ఆయనదే. ఆ హక్కు వాడినాడా లేదా అనే మనం నిలదీయాల. "పోయిన కౌన్సిల్ మీటింగ్‌లో మా వార్డు గురించి ఏం మాట్లాడినావన్నా?" అని ఎవరన్నా అడుగుతున్నారా? అడగండి సార్, మీలాంటి పెద్దవాళ్లు అడిగితే విలువుంటుంది.

ప్ర: వాన అంటేనే భయమేస్తా ఉంది. పూడిక తీసినాం అని చెప్తారు, నాలుగు చినుకులు పడితే ఇంట్లోకి నీళ్లు. – తిరుపతి

జ: భయం న్యాయమైందే. 2021 అక్టోబర్‌లో వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో నిండిన నీళ్లలో బండి ఇరుక్కుని కొత్తగా పెళ్లైన ఆడబిడ్డ చనిపోయింది. మళ్లా నవంబర్‌లో ఊరే మునిగింది, శేషాచలం మీద పడిన వాన కపిలతీర్థం మీదుగా ఎట్లా దూకిందో అందరం చూసినాం. కొండ నీళ్లు దిగిపోవడానికి ఉన్న వాగులు, కాలువలు ఇళ్ల కిందికి పోయినాయి, నీళ్లకి దారి లేదు. అందుకని పూడిక తీసినారా అని మాత్రమే అడిగితే చాలదు, ఏ నెలలో తీసినారు, తీసిన మట్టి ఎక్కడికి తోలినారు అని అడగండి. గట్టు మీదే పోసి వదిలేస్తే మొదటి వానకే మళ్లీ కాలువలో పడుతుంది. మనకి పెద్ద వానలు అక్టోబర్, నవంబర్‌లోనే కాబట్టి సెప్టెంబర్ లోపల అయిపోవాల. తీసేముందు, తీసినాక ఫోటోలు మీరే పెట్టుకోండి.

ప్ర: మా కార్పొరేటర్ ఆడమనిషి. మీటింగ్‌లో మాట్లాడేది ఆమె భర్త, ఫోన్ ఎత్తేది ఆయనే. మేం ఎవర్ని అడగాలి? – చిత్తూరు

జ: ఆమెనే అడగండి. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లకి ఇచ్చింది మాట్లాడతారనే కదా. భర్త జవాబు చెప్తా ఉంటే "అన్నా, మీరుండండి, అక్క చెప్తే వింటాం" అని మర్యాదగానే అనొచ్చు, ముఖ్యంగా ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు అంటే ఇంకా బాగుంటుంది. అర్జీ ఆమె పేరు మీదే రాయండి, ఆమె చేతికే ఇవ్వండి. మొదట్లో తడబడొచ్చు, తడబడనీండి, మొదటిసారి గెలిచిన మగవాళ్లు తడబడట్లేదా?

ప్ర: ఇంటి పన్ను రెండేళ్లుగా కట్టలేదు. బాకీ ఉండి మీటింగ్‌లో ప్రశ్న అడగొచ్చా?

జ: అడగొచ్చు. బాకీ వేరే, అడిగే హక్కు వేరే. సమాచార హక్కు అర్జీలో అయితే ఎందుకు అడుగుతున్నారో కూడా చెప్పక్కర్లేదు, 10 రూపాయల ఫీజు కట్టండి, దారిద్ర్యరేఖకి దిగువన ఉంటే అదీ లేదు, 30 రోజుల్లో జవాబు రావాల. రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి అప్పీల్ చేయండి. పన్ను కూడా కట్టేయండి, పాత బాకీ తీర్చి, కొత్త ఏడాదిది ఏప్రిల్ నెలాఖరు లోపల ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు వస్తుంది.