ఏ పనికి ఏ కాగితం

చిరంజీవి రఘుకు బాబాయి ఆశీస్సులు.

హైదరాబాదులో నీటి శుద్ధి ప్లాంట్లు పెట్టే కాంట్రాక్టరుకు ఏ లైసెన్సు కావాలని అడిగావు. కాలిఫోర్నియాలో అయితే ఒక్క ముక్కలో చెప్పొచ్చు. అక్కడ నీటి శుద్ధి పరికరాలు బిగించేవాళ్లకు సీ-55 అనే లైసెన్సు ఉంది. నాలుగేళ్ల అనుభవం చూపాలి, పరీక్ష రాయాలి, 25 వేల డాలర్ల బాండు ఇవ్వాలి. మన దగ్గర అలాంటి కాగితం ఒక్కటీ లేదు. లేదు కదా అని సంబరపడకు, ఏ పనికి ఏది కావాలో నువ్వే తేల్చుకోవాలి.

మామూలువి గబగబా చెప్పేస్తాను. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం, డబ్బడిగే ఏజెంట్ల జోలికి పోకు. సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పదు. ఫ్యాక్టరీలవాళ్లు ఆ బిల్లు లేనిదే మాట్లాడరు గనుక ముందే తీసుకో. దుకాణానికి ట్రేడ్ లైసెన్సు సరేసరి. పనివాళ్లు పదిమంది అయితే ఈఎస్ఐ, ఇరవై అయితే పీఎఫ్. ప్యానెల్ బోర్డు వైరింగు లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుకే అప్పగించు. నగరానికి నీళ్లిచ్చే జలమండలి టెండర్లు ఇప్పుడే వద్దు. ధరావతు కట్టి, రాణిగంజ్‌లో పంపులు అరువు తెచ్చి, బిల్లు కోసం నెలల తరబడి ఎదురుచూసే స్తోమత నీకింకా రాలేదు.

అపార్ట్‌మెంటు బోరుకు సాఫ్ట్‌నర్, అంటే నీళ్ల కాఠిన్యం తగ్గించే పరికరం, పెట్టడంలో అనుమతుల గొడవ పెద్దగా లేదు. నీళ్లు మెత్తబడ్డాయని చూపించాలి, అంతే. పరీక్ష గొట్టంలో శుద్ధి చేసిన నీళ్లు పోసి కాఠిన్యం పరీక్షకు వాడే బఫర్ ద్రావణం, రంగు చూపే ఇండికేటర్ వెయ్యి. నీలం కనిపిస్తే సరే. ఎరుపు తిరిగితే సాఫ్ట్‌నర్‌లో కాఠిన్యాన్ని పట్టే రెజిన్ పూసలకు ఉప్పునీళ్లు పట్టించే వేళయిందన్నమాట. సంఘం పెద్దల కళ్లముందే చెయ్యి.

మురుగునీటి శుద్ధి ప్లాంటు, అదే ఎస్టీపీ, వేరే వ్యవహారం. 1974 నాటి నీటి చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి రెండుసార్లు కావాలి: కట్టకముందు సీఎఫ్ఈ, నడపకముందు సీఎఫ్ఓ. రెండూ యజమాని పేరు మీదే వస్తాయి. అయినా బిల్డర్లు ఒప్పందంలో ‘అన్ని అనుమతులూ కాంట్రాక్టరే తేవాలి’ అని ఒక వాక్యం ఇరికిస్తారు. దాన్ని కొట్టించు. డ్రాయింగులు, లెక్కలు ఇవ్వడం నీ బాధ్యత, సమ్మతి తెచ్చుకోవడం వాళ్లది. సమ్మతి పత్రం ప్రతి అడిగి తీసుకుని, రోజుకు ఎన్ని కిలోలీటర్లు, బీఓడీ (నీళ్లలోని సేంద్రియ మలినాన్ని తెలిపే కొలత) ఎంతకు దిగాలి అన్న రెండు అంకెలూ చూడు. పత్రంలో 100 కిలోలీటర్లని ఉండి నిన్ను 150కి కట్టమంటే అక్కడే ఆగిపో.

ట్యాంకుల్లోకి మనుషులను దించే విషయంలో నాకు మొహమాటం లేదు. కలెక్షన్ ట్యాంకు అడుగున హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటుంది. కుళ్లిన గుడ్ల వాసన మొదట గుప్పుమంటుంది, గ్యాస్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవాడు పైకి రాడు, వాణ్ని లాగబోయినవాడూ రాడు. రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించితే 2013 చట్టం ప్రకారం మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మురుగు మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షలకు పెంచింది. ఎస్టీపీ ట్యాంకునూ అలాగే చూడు. శుభ్రం చేసే పనికి యంత్రంతో వచ్చేవాళ్లనే పిలవాలని, ఆ ఖర్చు యజమానిదేనని ఒప్పందంలో రాయించు.

నిజాంపేట బిల్డరు నీకిచ్చిన ఒప్పందం ముసాయిదా వాట్సాప్‌లో పంపు. నేను చదివి ఫోను చేసేదాకా సంతకం పెట్టకు, అడ్వాన్సు తీసుకోకు.

మీ బాబాయి