అన్నప్రాశన ఫోటోలు కార్డ్‌లో డిలీట్ అయ్యాయి, తిరిగి వస్తాయా?

మీరు రాసిన దాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. పాప అన్నప్రాశన రోజు క్యానన్ 1500డీతో సుమారు 300 ఫోటోలు తీశారు. మర్నాడు ఆరేళ్ల బాబు కెమెరాతో ఆడుకుంటూ కార్డ్‌లో ఉన్నవన్నీ డిలీట్ చేసేశాడు. ఆ కంగారులో కెమెరా బాగానే ఉందో లేదో చూద్దామని మీరు రెండు ఫోటోలు తీశారు. కార్డ్ 64 జీబీది. కెమెరాను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి ఒక రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపితే అందులో అసలు కార్డే కనిపించలేదు. ఇక షాపులో ఇవ్వడమే దారా అని అడుగుతున్నారు.

కార్డ్ ఇంకా కెమెరాలోనే ఉంటే ఇది చదవడం ఆపి, ముందు దాన్ని బయటికి తీయండి. కార్డ్ ఎడమ పక్కన చిన్న మీట ఉంటుంది, దాన్ని ‘లాక్’ వైపుకి జరపండి. మీ ఫోటోల్లో చాలా వరకు ఇంకా కార్డ్‌లోనే ఉన్నాయి. ఆ రెండు ఫోటోల తర్వాత ఇంకేమీ తీయకుండా ఉంటే, దాదాపు అన్నీ తిరిగి వచ్చే అవకాశం ఉంది.

ఇంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానంటే, మీకంటే పాడు పరిస్థితిలో నేను ఉన్నాను. 2018 కార్తీక మాసంలో కోనసీమలో మా తాతయ్యకి సహస్ర చంద్ర దర్శనం చేశాం. ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకోలేదు, నా దగ్గర నికాన్ డీ5300 ఉంది కదా అని ఆ పని నేనే తీసుకున్నాను. తెల్లవారుజామున గణపతి పూజ దగ్గర్నుంచి సాయంత్రం పిల్లలందరూ తాతయ్య కాళ్లకి దణ్ణం పెట్టే వరకు 418 ఫోటోలు తీశాను. రాత్రి అలసిపోయి, ల్యాప్‌టాప్‌లోకి రేపు ఎక్కిద్దాంలే అని పడుకున్నాను. పొద్దున్నే మా తమ్ముడు, బావలు అంతర్వేది వెళుతూ కెమెరా తీసుకెళ్లారు. ఖాళీ కార్డ్‌తో మొదలుపెట్టడం వాడి అలవాటు. నేను కాపీ చేసే ఉంటాననుకుని కెమెరాలోనే ఫార్మాట్ కొట్టేశాడు. గోదావరి సముద్రంలో కలిసే చోట 63 ఫోటోలు తీసుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చారు.

ఆ మధ్యాహ్నం నాకు అన్నం దిగలేదు. తాతయ్యకి ఇంకా చెప్పలేదు, ఆయన మాత్రం ‘ఫోటోలు ఎప్పుడు చూపిస్తావురా’ అని రెండుసార్లు అడిగారు. మీ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అసలు డిలీట్ అంటే ఏమవుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. కార్డ్‌లో రెండు భాగాలు ఉంటాయనుకోండి. ఒకటి రిజిస్టర్ లాంటిది: ఏ ఫోటో పేరేమిటి, ఎక్కడ మొదలవుతుంది, ఎంత సైజు అన్నది అందులో ఉంటుంది. రెండోది ఫోటోలు ఉండే అసలు స్థలం. డిలీట్ నొక్కితే కెమెరా రిజిస్టర్‌లో ఆ పేరు మీద కొట్టివేత గుర్తు పెట్టి, ఆ స్థలం ఖాళీ అని రాసుకుంటుంది. స్థలం జోలికి వెళ్లదు. పంచాయతీ రికార్డులో పేరు కొట్టేసినంత మాత్రాన ఊళ్లో ఇల్లు కూలిపోదు కదా, ఇదీ అంతే. ఆ స్థలంలో ఇంకొకరు ఇల్లు కట్టినప్పుడే పాతది పోతుంది. మామూలు ఫార్మాట్ అయితే రిజిస్టర్ మొత్తం తుడిచి కొత్తది పెడుతుంది, అప్పుడు కూడా ఫోటోలు కదలవు. క్యానన్‌లో ఫార్మాట్ చేసేటప్పుడు ‘లో లెవెల్ ఫార్మాట్’ అని ఒక టిక్ ఉంటుంది, అది పెట్టి చేస్తే మాత్రం లోపలిదంతా చెరిగిపోతుంది. మీ బాబు అంత దూరం వెళ్లలేదు.

నా విషయంలో ఏ ఫోటోలు పోయాయో చూస్తే ఈ సంగతి కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది. ఫార్మాట్ అయిన కార్డ్ మీద కెమెరా సాధారణంగా మళ్లీ మొదటి నుంచి రాసుకుంటూ వస్తుంది. ఫంక్షన్‌కి ముందు రోజే నేను కార్డ్ ఖాళీ చేశాను కాబట్టి, ఆ మొదటి స్థలంలో ఉన్నవి తెల్లవారుజాము ఫోటోలు. అంతర్వేది ఫోటోలు సరిగ్గా వాటి మీదే పడ్డాయి. గణపతి పూజ, అమ్మమ్మ గుమ్మం దగ్గర కూర్చుని తాతయ్య కోసం దండ కట్టడం, పెద్దమ్మ వాళ్లు కారు దిగడం, ఇలా మొదటి 61 ఫోటోలు ఇక లేవు. ఆ తర్వాత 6 ఫోటోలు పైభాగం బాగుండి కింద బూడిద రంగు పరుచుకుని వచ్చాయి. మిగిలిన 351 చెక్కు చెదరకుండా వచ్చాయి. తమ్ముడు ఆ రోజు 63కి బదులు 400 తీసి ఉంటే నాకు దాదాపు ఏమీ దక్కేది కాదు. అందుకే కార్డ్ బయటికి తీయమని అంత గట్టిగా చెబుతున్నాను.

ఇక సాఫ్ట్‌వేర్‌లో మీ కార్డ్ ఎందుకు కనిపించలేదంటే, కేబుల్‌తో కలిపితే చాలా కెమెరాలు తమ దగ్గర ఉన్న ఫోటోల పట్టికను మాత్రమే కంప్యూటర్‌కి చూపిస్తాయి. కార్డ్‌ని ఒక డిస్క్‌లా చేతికివ్వవు. పట్టికలో లేనివాటిని వెతకాలంటే కార్డ్ నేరుగా కంప్యూటర్‌కి అందాలి. దానికి కార్డ్ రీడర్ కావాలి. ల్యాప్‌టాప్ పక్కన ఎస్‌డీ కార్డ్ పట్టే సందు ఉంటే అదే చాలు, లేకపోతే కొన్ని వందల రూపాయలకి బయట దొరుకుతుంది. కార్డ్ పెట్టాక విండోస్ ‘ఫార్మాట్ చేయాలి’ అనిగానీ ‘స్కాన్ చేసి సరిచేయమంటారా’ అనిగానీ అడిగితే రెండింటికీ క్యాన్సిల్ నొక్కండి. సరిచేయడమంటే రిజిస్టర్‌లో మళ్లీ రాయడమే, మనకి వద్దు.

తర్వాత చేయాల్సిన పనిని చాలామంది వదిలేస్తారు. నా మటుకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. కార్డ్ మొత్తాన్ని, ఖాళీ అని చూపిస్తున్న స్థలంతో సహా, ఉన్నది ఉన్నట్టు ఒక ఫైల్‌గా ల్యాప్‌టాప్‌లోకి తీసుకోండి. దీన్ని ఇమేజ్ అంటారు. నేను ఉబుంటులో డీడీ కమాండ్‌తో తీశాను. విండోస్‌లో అయితే విన్32 డిస్క్ ఇమేజర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో కార్డ్ డ్రైవ్‌ని ఎంచుకుని, కొత్త ఫైల్ పేరు ఇచ్చి, ‘రీడ్’ నొక్కాలి. పక్కనే ‘రైట్’ అనే బటన్ ఉంటుంది, దాని జోలికి పోవద్దు, అది కార్డ్ మీద రాస్తుంది. మీ కార్డ్ 64 జీబీ కాబట్టి ల్యాప్‌టాప్‌లో కనీసం అంత ఖాళీ ఉండాలి. లేకపోతే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టుకోండి. నా 32 జీబీ కార్డ్‌కి పాత రీడర్‌తో అరగంట దాకా పట్టింది. ఇమేజ్ చేతిలోకి వచ్చాక ఆ కార్డ్‌ని కవర్‌లో పెట్టి బీరువాలో దాచేశాను. ఆ తర్వాత ఎన్ని ప్రయత్నాలు చేసినా, ఏది తప్పుగా నొక్కినా, పోయేది ఆ ఫైలే తప్ప ఫోటోలు కాదు. అక్కడికి నా చేతుల వణుకు తగ్గింది.

మీకు నాకంటే కలిసొచ్చే విషయం ఒకటి ఉంది. 64 జీబీ కార్డ్‌లు సాధారణంగా ఫైళ్లని ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో అమర్చుకుంటాయి. అందులో డిలీట్ చేసినప్పుడు రిజిస్టర్‌లో ‘ఇది వాడుకలో లేదు’ అన్న గుర్తు పడుతుందిగానీ పేరు, మొదలు, సైజు అన్నీ అలాగే మిగిలి ఉంటాయి. అందుకని ముందు టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామ్‌తో అన్‌డిలీట్ చేసి, అంటే డిలీట్ అయినవాటిని వెనక్కి తెచ్చి, చూడండి. ఇమేజ్ ఫైల్‌ని అందులో తెరిస్తే డిలీట్ అయిన ఫైళ్లు పేర్లతో సహా ఎర్ర రంగులో కనిపిస్తాయి, వాటిని ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోవచ్చు. అన్నీ ఇలాగే వచ్చేస్తే ఇంకేమీ అక్కర్లేదు.

అలా రాకపోతే, లేదా కొన్నే వస్తే, ఫోటోరెక్ అని ఇంకో ప్రోగ్రామ్ ఉంది. టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ రెండూ క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఆయన రాసినవి, ఒకే డౌన్‌లోడ్‌లో వస్తాయి, పూర్తిగా ఉచితం. డబ్బు కట్టేదాకా సేవ్ చేయనివ్వని రకం కావు. ఫోటోరెక్ రిజిస్టర్‌ని నమ్ముకోదు. స్థలాన్ని మొదటి నుంచి చివరి దాకా చదువుతూ, ఫోటో మొదలయ్యే ఆనవాలు కోసం వెతుకుతుంది. ప్రతి జేపెగ్ ఫైలూ ఒకే రకం బైట్లతో మొదలవుతుంది, ఆ బైట్లు కనిపించిన చోటి నుంచి ఫోటోని బయటికి లాగుతుంది. క్యానన్ రా ఫైళ్లని, అంటే కెమెరా జేపెగ్‌గా మార్చకుండా దాచే ఫోటోలని, కూడా గుర్తుపడుతుంది. కెమెరా ఫోటోలు కార్డ్ మీద చాలా వరకు ఒకదాని పక్కన ఒకటి వరసగా పడతాయి కాబట్టి ఈ పద్ధతి వీటికి బాగా పనిచేస్తుంది. వీడియోలకి అంత బాగా పనిచేయదు. పెద్ద వీడియో ముక్కలుగా పడి ఉంటే ఆ ముక్కల్ని కలపడం దీనివల్ల కాదు.

ఫోటోరెక్ తెరిస్తే అక్షరాలతో వచ్చే నల్ల తెర చూసి భయపడకండి. అదే డౌన్‌లోడ్‌లో క్యూఫోటోరెక్ అని బటన్లతో ఉండేది కూడా ఉంటుంది. పైన డిస్క్ ఎంచుకునే చోట మీ ఇమేజ్ ఫైల్‌ని చేర్చండి. ఫైల్ సిస్టమ్ దగ్గర ఫ్యాట్ ఉన్న వరసని ఎంచుకోండి. డిలీట్ మాత్రమే జరిగింది కాబట్టి ముందు ‘ఫ్రీ’ పెట్టండి, అంటే ఖాళీ అని చూపిస్తున్న స్థలంలోనే వెతుకుతుంది. నాది ఫార్మాట్ అయిన కార్డ్ కాబట్టి ‘హోల్’, అంటే స్థలమంతా వెతికేది, పెట్టాను. ఫైల్ రకాల్లో జేపెగ్, రా ఉంచి మిగతావి తీసేస్తే చెత్త తక్కువ వస్తుంది. దొరికినవాటిని సేవ్ చేసే చోటు ల్యాప్‌టాప్‌లోని ఫోల్డరే కావాలి, కార్డ్ మాత్రం ఎప్పటికీ కాదు. దొరికిన ఫోటోలని అదే కార్డ్‌లో సేవ్ చేస్తే, ఇంకా దొరకని ఫోటోల మీద వాటిని మనమే రాసినట్టు.

ఫోటోరెక్‌తో వచ్చిన ఫైళ్లకి పాత పేర్లు ఉండవు, ఏవో అంకెలు ఉంటాయి. నాకు తాతయ్య ఫోటోలతోపాటు అంతకు ముందెప్పుడో తీసి చెరిపేసినవి కూడా వందల కొద్దీ వచ్చాయి. ఖంగారు పడొద్దు, ఫోటో తీసిన తేదీ, సమయం ప్రతి ఫైల్ లోపలే ఉంటాయి. ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో ఆ సమయం ప్రకారం పేర్లు మార్చేస్తే అన్నప్రాశన రోజువన్నీ వరసగా ఒకచోటికి వచ్చేస్తాయి. ‘టి’ అక్షరంతో మొదలయ్యే చిన్న చిన్న ఫైళ్లు కనిపిస్తే చెత్త అనుకుని తీసేయకండి. కెమెరా ప్రతి ఫోటో ముందు భాగంలో దాని చిన్న నమూనాని కూడా దాస్తుంది, అవే ఇవి. కింద బూడిద రంగు వచ్చిన నా ఆరు ఫోటోలకీ ఆ నమూనాలు పూర్తిగా ఉన్నాయి. అందులో ఒకటి అమ్మమ్మ తాతయ్య భుజం మీద ఉత్తరీయం సర్దుతున్నది. అగ్గిపెట్టె అంత ఉంటుంది. ఇప్పటికీ మా ఇంట్లో అందరి ఫోన్లలో ఉంది.

షాపు సంగతి. నేను ఆ రోజు కంగారులో ఒక చోటికి ఫోన్ చేస్తే 6,000 రూపాయలు, రెండు రోజులు పడుతుంది, ఫోటోలు రాకపోయినా సగం ఇవ్వాలన్నారు. ముందు ఇమేజ్ తీస్తారా అని అడిగితే, అవసరం లేదు, నేరుగా కార్డ్ మీదే చేసేస్తామన్నారు. అక్కడితో వద్దనుకున్నాను. ఇప్పుడైనా నా అభిప్రాయం అదే: డిలీట్, ఫార్మాట్ లాంటివాటికి షాపు అక్కర్లేదు, వాళ్లు నడిపేదీ చాలాసార్లు ఇలాంటి సాఫ్ట్‌వేరే. కార్డ్ విరిగినా, ఎన్ని రీడర్లలో పెట్టినా అసలు గుర్తుపట్టకపోయినా అది వేరే విషయం. అప్పుడు చిప్ నుంచి నేరుగా చదివే ల్యాబ్‌కే వెళ్లాలి, ఖర్చు కూడా బాగానే అవుతుంది. మీది ఆ పరిస్థితి కాదు.

రానివాటి కోసం ఇంకో పని కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. ఆ రోజు వచ్చిన చుట్టాలందరికీ ఫోన్ చేసి, వాళ్ల ఫోన్లలో తీసిన ఫోటోలు ఏవీ చెరపొద్దని చెప్పండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. మా పిన్ని ఫోన్‌లో గణపతి పూజవి నాలుగు దొరికాయి, మా బావ తీసిన వీడియోలో అమ్మమ్మ దండ కడుతూ పది సెకన్లు కనిపించింది. ఎవరి ఫోన్‌లోనైనా డిలీట్ అయి ఉంటే గూగుల్ ఫొటోస్ బిన్‌లో చూడమనండి. బ్యాకప్ అయినవి అక్కడ 60 రోజులు ఉంటాయి. పాప ముందు పుస్తకం, బంగారం, పువ్వులు పెట్టి పాకించినప్పుడు ఏది పట్టుకుందో ఎవరో ఒకరు ఫోన్‌లో తీసే ఉంటారు.

మీ బాబుని ఏమీ అనకండి. మా తమ్ముడు ఆ రోజు రాత్రి దాకా నా పక్కనే కూర్చుని, ఒక్కో ఫోటో తెర మీదికి వస్తుంటే లెక్కపెట్టాడు. 351 దగ్గర ఆగింది. అప్పుడు లేచి వెళ్లి తాతయ్యని పిలుచుకొచ్చాడు.

కార్డ్ రీడర్ దొరికాక ఎక్కడైనా ఆగిపోతే, తెర మీద ఏం కనిపిస్తోందో అలాగే రాయండి, నేను చూస్తాను. ఇమేజ్ తీసేదాకా మాత్రం ఇంకేదీ మొదలుపెట్టకండి.