సొంత కారు లేని డ్రైవరుకు బీమా

ప్రశ్న: నాకు సొంత కారు లేదు. అవసరం పడినప్పుడు మా బావగారి కారు నేనే నడుపుతాను. ఊళ్లో ఎవరికైనా ఒంట్లో బాగులేకపోతే, రోజు కూలికి యాక్టింగ్ డ్రైవరుగా వాళ్ల కారులోనే విశాఖ కేజీహెచ్‌కు తీసుకువెళుతుంటాను. కారు లేనివారికి కూడా డ్రైవరు పేరు మీద పాలసీ ఇస్తారని అమెరికాలో ఉన్న మా మేనల్లుడు చెబుతున్నాడు. అలాంటిది ఇక్కడ దొరుకుతుందా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: మీ మేనల్లుడు చెప్పినది అమెరికా వరకు నిజమే. మన దగ్గర మాత్రం మోటారు బీమా బండికే గాని, నడిపే మనిషికి కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 146వ సెక్షన్ ప్రకారం ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. అది అమలులో ఉండి, తగిన లైసెన్సుతో, యజమాని అనుమతితో మీరు నడుపుతుంటే, ఎదుటివారికి కలిగిన నష్టానికి పరిహారం ఆ పాలసీ నుంచే అందుతుంది. అందుకే తాళం తీసుకునే ముందు ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి, బీమా గడువు చూసుకోండి. బీమా లేని బండిని నడిపినవారికీ, నడపనిచ్చినవారికీ కూడా మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. పరిహారం భారం కూడా మీ ఇద్దరి మీదే పడుతుంది.

మీరు అడగనిది, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి ఉంది: ఆ ప్రమాదంలో మీకే దెబ్బ తగిలితే ఏమిటి? పాలసీలో కనిపించే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమాని తానే నడిపినప్పటిది. దాన్ని మీరు నమ్ముకోవడానికి లేదు. అడిగి తెచ్చుకున్న బండి నడిపే వ్యక్తి యజమాని స్థానంలో ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది, 2020లో మళ్లీ అదే మాట చెప్పింది. కాబట్టి బావగారి కారులో మీరు గాయపడితే, ఆ కారు బీమా కంపెనీని థర్డ్ పార్టీగా పరిహారం అడగడం కుదరదు.

కూలికి వెళ్లినప్పటి సంగతి వేరు. జీతానికి పెట్టుకున్న డ్రైవరుకు ఉద్యోగుల పరిహార నిబంధనల కింద యజమాని చెల్లించవలసినది బీమా కంపెనీ భరిస్తుంది; పాలసీ కాగితంలో ‘పెయిడ్ డ్రైవర్ లీగల్ లయబిలిటీ’ అనే వరుస ఉందేమో చూడండి, దాని ప్రీమియం సాధారణంగా 50 రూపాయలే. ఒక్కరోజు పని కనుక మీరు వారి డ్రైవరేనని రేపు రుజువు చేయవలసి రావచ్చు. కూలి డబ్బు చేతికి కాకుండా యూపీఐలో వేయించుకోండి. ఇంటివాడుక కారుకు యజమాని కిరాయి వసూలు చేస్తున్నాడని తెలిస్తే మాత్రం ఆ ప్రయాణానికి వెళ్లకండి, పాలసీ షరతు అక్కడే తప్పిపోతుంది.

మీ పేరు మీద తీసుకోదగినది వ్యక్తిగత ప్రమాద బీమా. ఏ సాధారణ బీమా (జనరల్ ఇన్సూరెన్స్) కంపెనీ అయినా ఇస్తుంది, ఎవరి బండిలో ఉన్నా మీ వెంటే ఉంటుంది. అంతకంటే ముందు ఈ వారమే మీ బ్యాంకుకు వెళ్లి ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరండి. 18 నుంచి 70 ఏళ్ల వారికి ఏడాదికి 20 రూపాయలతో, ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి.

ఇక బావగారి కారుకు గీత పడిందని, సొట్ట పడిందని ఆయన పాలసీలో క్లెయిమ్ చేయిస్తే, ఏళ్ల తరబడి కూడి 50 శాతం వరకు చేరే ఆయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. చిన్న మరమ్మతు అయితే ఆ ఖర్చు మీరే పెట్టుకోవడం న్యాయమని నా అభిప్రాయం; ఈ మాట ఆయనతో ముందే అనుకోండి.