ఇంటిముందు గడ్డి వేసే అమ్మాయికి

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

నెల్లూరులో ఇల్లు పూర్తయిందనీ, ముందున్న ఆరంకణాల (మన నెల్లూరు లెక్కలో అంకణమంటే 72 చదరపు అడుగులు) ఖాళీలో పచ్చగడ్డి పెంచుతావనీ, అది కూడా యూరియా, పురుగుమందుల జోలికి పోకుండాననీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమేసింది తల్లీ. ఆ వెంటనే, వచ్చే వారమే కార్పెట్ గడ్డి పరిపిస్తున్నావని చెప్పేసరికి గుండె గుభేలుమంది. చైత్రంలో, ఎండలు ముదిరే రోజుల్లో ఎవరన్నా గడ్డి వేస్తారా? ఆ ఆర్డరు ఆపెయ్. శ్రావణంలో వెయ్యి. ఆగస్టులో నాటితే అక్టోబరు, నవంబరు వాయుగుండాలు మొదలయ్యేలోపు వేరు పట్టుకుంటుంది. ఆ వానల మధ్యలో నాటినది మట్టితో సహా కాలవలో కలుస్తుంది. ఈలోపు చేతినిండా పని ఉంది.

ముందుగా మట్టి పరీక్ష. నాలుగైదు చోట్ల ఆరంగుళాల లోతు నుంచి తీసి, కలిపి, అరకిలో మట్టి భూసార పరీక్షకు పంపు. ఒక సీసాలో బోరు నీళ్ళు కూడా ఇవ్వు.

ఇక అసలు సంగతి. కొత్త ఇళ్ళ దగ్గర నూటికి తొంభై మంది చేసే తప్పు ఒకటుంది, అది నీ ఇంట్లో జరక్కూడదు. పని అయిపోగానే మేస్త్రి మిగిలిన ఇటుక ముక్కలు, కంకర, టైల్స్ పెంకులు, గడ్డకట్టిన సిమెంటు పెళ్ళలు అన్నీ ముందు ఖాళీలోకి నెట్టి, పైన ఒక ట్రాక్టరు ఎర్రమట్టి తోలించి చదును చేసి వెళ్ళిపోతాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దానిమీద వేసిన గడ్డి మొదటి రెండు నెలలు పచ్చగానే ఉంటుంది కూడా. ఎండాకాలం వచ్చేసరికి బయటపడుతుంది. వేరు కిందికి దిగబోతే కంకర అడ్డం. పైనున్న నాలుగంగుళాల మట్టి పెనంలా కాలిపోతుంది. పొద్దున పోసిన నీళ్ళు సాయంత్రానికి కనపడవు. సిమెంటు మాలు కలిపిన చోట బాధ ఇంకోరకం. సిమెంటులోని సున్నం మట్టిలోకి దిగితే వేరుకు ఇనుము అందదు. ఈనెలు పచ్చగానే ఉండి మధ్యలో ఆకు పసుపెక్కుతుంది. అది చూసి బలం చాల్లేదనుకుని యూరియా చల్లుతారు. యూరియాతో లేత ఆకు తన్నుకొస్తుంది, దానికోసం పురుగు వస్తుంది, పురుగు కోసం మందు కొడతారు. సేంద్రియం మన నేలకు పనికిరాదని తీర్పు కూడా చెప్పేస్తారు. కింద పూడ్చిపెట్టిన చెత్తను మాత్రం ఒక్కరూ తవ్వి చూడరు!

కాబట్టి అడుగు లోతు తవ్వించు. తీసిన మట్టిని ఇసుక జల్లెడలో పట్టించు. మాలు కలిపిన చోట మట్టి మొత్తం ఎత్తి బయట పోయించు. సెంట్రింగ్ చెక్క ముక్కలు ఒక్కటి కూడా ఉండకూడదు, అవి చెదలను పిలుస్తాయి. నువ్వు దగ్గర నిలబడాలి, ఫోన్లో చెబితే జరిగే పని కాదు. కూలీలు వెళ్ళకముందే గునపంతో నాలుగడుగులకోసారి గుచ్చి చూడు. ఠంగుమంటే అక్కడ ఇంకా ఉన్నట్టే. ఆఖర్న, ఇంటి గోడ నుంచి గేటు వైపు పదడుగులకు అంగుళంన్నర వాలు పెట్టించు.

ఆ తర్వాత తుంగ. నేల తడిపి వదిలేస్తే పది పదిహేను రోజుల్లో తలెత్తుతుంది. గడ్డతో సహా తవ్వి తియ్యి. చేత్తో పీకితే పైది తెగి వస్తుంది, గడ్డ లోపలే ఉండి మళ్ళీ మొలుస్తుంది. ఇలా మూడుసార్లు చేస్తే చాలావరకు తగ్గుతుంది. చెరువుమట్టి మంచిదని ఎవరన్నా చెబితే వినకు, తుంగ గడ్డలు వచ్చేదే దాంతో.

ఎరువు అంకణానికి ముప్పై అయిదు కిలోల చివికిన పశువుల పెంట, ముప్పావు కిలో వేపపిండి. పెంట కొనేముందు కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా తగిలినా, పేడ వాసన వచ్చినా అది ఇంకా పచ్చిదే, వద్దను. వేరుపురుగు, కలుపు విత్తనాలు అందులోనే వస్తాయి. నల్లగా, చల్లగా, చేతిలో పొడిపొడిగా రాలాలి.

గడ్డి రకానికి అంత ఆలోచన అక్కర్లేదు. ఎండ పడే చోట గరిక. కాస్త ఉప్పు నీళ్ళకు కూడా తట్టుకుంటుంది. పిలకలు నాలుగంగుళాల ఎడంగా నాటించు. వేరు పట్టేదాకా రోజూ తడి, తర్వాత వారానికి రెండుసార్లు లోతుగా, తెల్లవారుజామునే. ఆర్.ఓ. మిషను వదిలేసే నీళ్ళు మాత్రం పైపు పెట్టి మళ్ళించకు, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. కోసేటప్పుడు మూడో వంతుకు మించి కొయ్యొద్దు. కోసిన ముక్కలు అక్కడే రాలనివ్వు, అదే ఎరువు. గోడ వారగా మాత్రం గడ్డి పెరగనివ్వొద్దు. మీ లేఅవుటు పక్కనే వరి పొలాలు, పాముల భయం నాకు.

నెలకోసారి జీవామృతం. పది లీటర్ల నీళ్ళకు అరకిలో పేడ, అర లీటరు ఆవు మూత్రం, వంద గ్రాముల చొప్పున బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి. నీడలో రెండు రోజులు, పూటకోసారి కలియబెట్టు. రెండు లీటర్లు బిందెడు నీళ్ళలో కలిపి గడ్డి మీద చల్లితే సరిపోతుంది. మిగిలింది వారంలోపు కుండీలకు పొయ్యి.

గడ్డిని పిడికిట పట్టి లాగితే వేరు లేకుండా ఊడొస్తే కింద తవ్వు. వంకర తిరిగిన తెల్లపురుగులుంటే మెటారైజియం (పురుగును చంపే ఒకరకం బూజు) పొడిని చివికిన ఎరువులో కలిపి, తడి చల్లి వారం నీడలో ఉంచి, సాయంత్రం పూట చల్లి నీళ్ళు పెట్టు. కొట్లో పురుగుమందు గుళికలు అంటగడతారు, తీసుకోకు. పాప పాకే వయసమ్మా. దొరికింది నోట్లో పెట్టుకుంటుంది. నువ్వూ ఆ వయసులో అంతే, మట్టి తినకుండా నీ వెనకాలే తిరగడం మీ అమ్మకు ఒక ఉద్యోగం. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా, కోప్పడ్డాననుకోకు.

పరీక్ష కాగితం రాగానే ఫోటో తీసి పంపు. పీహెచ్ (మట్టిలో క్షారం ఎంతుందో చెప్పే అంకె) 8.5 దాటితే జిప్సం వెయ్యాల్సి రావచ్చు. ఎంతన్నది ఆ అంకెలు చూసి చెప్తాను, అప్పటిదాకా బస్తా కొనొద్దు.

మీ పెద్దనాన్న