నీల్ విగ్రహం దించడం న్యాయం, మన్రోది దించితే అన్యాయం

వివాదాస్పదమైన పాత విగ్రహాలను రోడ్ల మీద నుంచి తీసేయాలా అని అడిగారు. అన్నిటికీ కలిపి ఒకే జవాబు చెప్పేవాళ్లను నేను నమ్మను. మాది కర్నూలు జిల్లా, ఉండేది చెన్నైలో. ఈ రెండు ఊళ్లనూ కలిపే విగ్రహం ఒకటుంది, దాని సంగతే చెబుతాను.

చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర, బ్రిటిష్ కాలంలో మద్రాసు గవర్నర్‌గా చేసిన థామస్ మన్రో గుర్రం మీద కూర్చుని ఉంటాడు. 1839లో పెట్టారు. మా పెదనాన్న కంటి ఆపరేషన్‌కు పత్తికొండ నుంచి వచ్చినప్పుడు ఆటోలో అటుగా తీసుకెళ్లాం. పేరు చెప్పగానే ఆటో ఆపించాడు. నల్లద్దాల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు పైకి చూశాడు. "రికాబులు లేవే! కాళ్లు ఊరికే వేలాడుతున్నాయే" అన్నాడు. నేను రోజూ ఆ దారినే ఆఫీసుకు పోతాను, అది మొదట కనిపెట్టింది ఆయనే. తర్వాత చేతులు జోడించాడు. "ఈయప్ప మా ఊళ్లోనే పోయినాడు నాయనా, కలరా తగిలి."

నిజమే. మన్రో గవర్నర్‌గా ఉండి, 1827 జులైలో పత్తికొండలోనే చనిపోయాడు. అంతకుముందు 1800 నుంచి ఏడేళ్లు దత్తమండలాలకు, అంటే మా రాయలసీమ వైపుకు, కలెక్టరు. మా వైపు మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు పెట్టుకున్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి మాట్లాడాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

డిగ్రీ చదివే మావాడు ఊరుకోలేదు. "పాలెగాళ్లను అణిచింది ఈయనే కదా తాతా? దండం ఎందుకు?" అన్నాడు. పాలెగాళ్లంటే అప్పట్లో ఊళ్ల మీద పెత్తనం చేసిన స్థానిక నాయకులు. పెదనాన్నకు కోపం రాలేదు. "అణిచినాడు. పాలెగాళ్లు మాత్రం రైతును బతకనిచ్చినారా? పంట కల్లంలో ఉండంగనే ఎత్తకపోయినోళ్లు" అన్నాడు. ఆటో కదిలాక ఆయనే మళ్లీ, "అట్లని నరసింహారెడ్డి మనోడు కాకుండా పోడు" అన్నాడు. ఆ పాలెగాళ్ల వంశంలో పుట్టి, తిరగబడి, 1847లో కోవెలకుంట్లలో ఉరికంబం ఎక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గురించి. ఇద్దరినీ మనసులో పెట్టుకోగలిగిన మనిషి ఆయన. టీవీ చర్చల్లో అరిచేవాళ్లకు ఆ ఓపిక లేదు.

ఇదే చెన్నైలో మౌంట్ రోడ్డు మీద జేమ్స్ నీల్ అనే బ్రిటిష్ సైనికాధికారి విగ్రహం ఉండేది. 1857 సిపాయిల తిరుగుబాటప్పుడు మద్రాసు సైన్యంతో ఉత్తరాదికి వెళ్లి, అలహాబాద్ చుట్టుపక్కల దొరికినవాళ్లను దొరికినట్టు ఉరితీయించినవాడు. కాన్పూర్‌లో ఖైదీల చేత నేల మీది నెత్తురు నాకించి మరీ చంపించాడు. ఆ విగ్రహం తీసేయాలని 1927లో కుర్రవాళ్లు సత్యాగ్రహం చేసి జైళ్లకు పోయారు. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక దాన్ని రోడ్డు మీద నుంచి తీశారు, తర్వాత ఎగ్మూరు మ్యూజియానికి చేరింది. నూటికి నూరుపాళ్లు సరైన పని. వాణ్ణి నిలబెట్టిందే ఆ చంపుళ్లను పొగడడానికి. మన్రోను నిలబెట్టింది అందుకు కాదు. రైతుల మీద శిస్తు మోయలేనంతగా ఉంది, పాతిక శాతం తగ్గించండి అని 1807లోనే పైవాళ్లకు రాసిన మనిషి. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగే, కాదనను. కానీ తెల్లవాడు కాబట్టి పడగొట్టాలంటే మాత్రం ఒప్పుకోను. ఆయన పాలనలో బతికిన ఊళ్లవాళ్లను అడగకుండా ఎక్కడో కూర్చుని తీర్మానాలు చేయడం అహంకారం.

అసలు నాకు మంట పుట్టించేది కొత్త విగ్రహాలు. మా జిల్లాలో ఏ సెంటర్ చూసినా ఎవరో ఒక నాయకుడు చెయ్యి ఊపుతూ ఉంటాడు. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ఎవరు విన్నారు? ఎన్నికలు రాగానే వాటికి గుడ్డలు చుట్టడం, అయిపోగానే విప్పడం. బస్సు మలుపు తిరగలేక ఆగిపోతుంటే పూలదండల కోసం నిచ్చెనలు. పెట్టేటప్పుడు అడ్డుచెప్పే దమ్ము లేనివాళ్లు రెండొందల ఏళ్ల నాటి విగ్రహం మీద పడడం ఏమిటి?

మన్రో అక్కడే ఉండాలి. కింద తమిళంలో, తెలుగులో పెద్ద బోర్డు పెట్టాలి. శిస్తు తగ్గించమన్నదీ రాయాలి, పాలెగాళ్లను ఎలా అణిచాడో కూడా రాయాలి. నీల్ దగ్గర అలహాబాద్, కాన్పూర్ సంగతులు దాచకుండా రాయాలి. స్కూలు పిల్లలను రెండు చోట్లకూ ఒకే రోజు తీసుకెళ్లాలి.